ఇంటివద్ద కత్తి కొడవళ్లకు పదును పెట్టు విధము

సేద్యమున నాగలికిని గొర్రునకును ఉన్న గౌరవము కొడవలికిని కత్తికిని లేదు. నాగలి చెడిన యెడల రైతు ఆ దినమే వడ్రంగివద్దకు పోవును. కొడవలి మొద్దుబారిన యెడల మాత్రము మరికొంత బలము వినియోగించి దానితోనే పని సాగించును. ఈ అలవాటువలన కలుగు నష్టము ఒక దినమున కనబడదు. కోతలు ముగియునప్పటికి అది రాలిన గింజల రూపమునను, అధికమైన కూలి రూపమునను, చేతిగాయముల రూపమునను లెక్కకు వచ్చును. ఒక సానరాయి, ఒక తోలుముక్క, కొంచెము నీరు ఉన్న యెడల ఏ రైతైనను, ఇంతకు మున్నెన్నడును ఈ పని చేయనివాడైనను, కొలదిదినముల అభ్యాసముతో తన పనిముట్లకు తానే పదును పెట్టుకొనవచ్చును. ఆ విధమును వివరించుటయే ఈ పత్రముయొక్క ఉద్దేశము.

ఈ పనియొక్క అవసరము

పాలకుర్తి 2016 వరకు వరంగల్లు జిల్లాలో ఉండి పిదప జనగామ జిల్లాలో చేర్చబడినది. పాల్కురికి సోమనాథుని ఊరుగాను, సోమేశ్వరస్వామి గుట్టవలనను ఇది ప్రసిద్ధి చెందినది. 1940 దశకమున చాకలి ఐలమ్మ తాను సాగుచేసిన నాలుగెకరముల పంటను విసునూరు దేశ్‌ముఖుపాలు కానీయక, ఆంధ్రమహాసభవారి సహాయముతో కోయించి తన ఇంటికి చేర్చుకొనినదియు ఈ ఊరనే. పండిన పంట సకాలమున కోయబడి ఇల్లు చేరుట ఎంతటి విషయమో ఈ ప్రాంతపు రైతులకు ఒకరు చెప్పవలసిన పని లేదు.

చెరువులక్రిందను బావులక్రిందను వరియు, మెట్టభూములయందు జొన్న, మొక్కజొన్న, కంది, ప్రత్తియు ఇచ్చటి పంటలు. నేడు వరికోతలో అధికభాగము యంత్రములచే జరుగుచున్నను, యంత్రము తిరుగలేని మడిమూలలు, గట్లప్రక్కన ఉన్న వరుసలు, బురదలో పడిపోయిన చేను కొడవలికే మిగులును. జొన్నచొప్ప, పచ్చిగడ్డి, కందికట్టె కోయుటకును, గట్టుమీది తుమ్మకొమ్మలు కొట్టుటకును చేతి పనిముట్టు లేక గడవదు.

పండిన వరికంకినుండి గింజ సులభముగా విడిపోవును. పదునైన కొడవలి కాడను ఒక్క లాగుతో తెంచును, కంకి అదరదు. మొద్దు కొడవలి కాడను కోయదు, గుంజును. ప్రతి గుంజుటకును కంకి అదరి కొన్ని గింజలు మడిలో రాలును. మొదళ్లు వేళ్లతో పెరికివచ్చి మన్ను గడ్డిలో కలియును. ఆ గడ్డిని పశువులు ఇష్టపడి తినవు. నిమ్మ, మామిడి మొదలగు చెట్ల కొమ్మలను మొద్దు కత్తితో నరికిన యెడల బెరడు చీలి, గాయము త్వరగా మానదు. అచ్చట నీరు నిలిచి తెగులు ప్రవేశించును. నునుపుగా తెగిన గాయము శీఘ్రముగా మూసికొనును.

కూలి సంగతియు ఆలోచింపదగినది. పదిమంది కోతకు వచ్చిరనుకొందము. మొద్దు కొడవలివలన ఒక్కొక్కరికి దినమునకు అరగంట పని తగ్గిన యెడల మొత్తము అయిదు గంటలు పోయినట్లు. పది కొడవళ్లకు ముందునాటి సాయంకాలము ఒక్కొక్కదానికి అయిదు నిమిషముల చొప్పున నూరినను ఏబది నిమిషములకు మించదు.

అన్నింటికంటె ముఖ్యమైనది చేయి. పదునైన కత్తియే ప్రమాదకరమని అనేకుల నమ్మకము. నిజమునకు మొద్దు కత్తియే అధిక ప్రమాదకరము. అది తెగుటకు బలము కావలెను. బలముతో నొక్కిన కత్తి జారిన యెడల ఆ బలమంతయు వ్రేళ్లమీదనో మోకాలిమీదనో పడును.

ఇనుము, ఉక్కు

పదును నిలుచుట ఉక్కుయొక్క గుణముపై ఆధారపడి యుండును. ఇనుములో కొంచెము బొగ్గు, అనగా కర్బనము, కలసినప్పుడు అది ఉక్కగును. ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లార్చిన ఉక్కు గట్టిపడును. పిదప దానిని కొలదిగా వేడిచేసిన యెడల పెళుసుదనము తగ్గి పనికి తగినదగును. ఈ రెండు పనులు కమ్మరివి.

ఈ విద్య తెలంగాణమునకు క్రొత్తది కాదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మూసలలో కరిగించి తీసిన ఉక్కు పారసీక వర్తకులచే దూరదేశములకు కొనిపోబడినది. హెన్రీ వాయిసీ అను భూగర్భశాస్త్రజ్ఞుడు అచ్చటి పనిని చూచి వ్రాసిన వర్ణన ఆయన మరణానంతరము 1832లో ముద్రితమైనది. దక్షిణదేశపు ఈ ఉక్కును గూర్చి జార్జి పియర్సను 1795లో లండనులోని రాయల్ సొసైటీకి నివేదించెను. మైకేల్ ఫారడే 1820 ప్రాంతమున దీనిని పరిశోధించెను. వారు దీనికి వాడిన ‘వూట్జ్’ అను పేరు ‘ఉక్కు’ అను మన మాటనుండియే పుట్టినదని పండితుల అభిప్రాయము. ఆ ఉక్కులో కర్బనము సాధారణముగా నూటికి ఒకటిన్నర పాలు ఉండెడిది.

నేడు ఊరి కమ్మరులు తరచుగా పాత లారీ కమాను పట్టీలతో కత్తులు చేయుదురు. అందు కర్బనము నూటికి అరపాలు, లేదా అంతకు కొంచెము ఎక్కువ ఉండును. ఇది మంచి ఉక్కు. పదును పట్టును, దెబ్బకు విరుగదు. కాని త్రుప్పు పట్టును. బజారులో దొరకు తెల్లని కత్తులు త్రుప్పు పట్టవు. వానిలో చౌకవి పదును ఎక్కువకాలము నిలుపవు. ఏ కత్తియైనను నూరు విధము ఒక్కటే.

సానరాళ్లు

ఊళ్లయందు కత్తిని ఇంటి అరుగుమీదనో బావిగట్టు బండమీదనో నూరుట వాడుక. పాలకుర్తి ప్రాంతపు బండలు పలుగురాతి రవ్వలు గల గట్టి రాళ్లు. ఆ రవ్వలు సమముగా ఉండవు. ఒక్కొక్కటి వాదరపై గాటు పెట్టును. అట్టి నూరుడువలన కత్తి కొంతసేపు గరుకుగా తెగును గాని పదును నిలువదు.

పూర్వము కురువిందపు పొడిని లక్కతో కలిపి సాన చేసెడివారు. గట్టిదనమున కురువిందము వజ్రమునకు తరువాతిది. 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ ఆచిసన్ బంకమన్నును బొగ్గును విద్యుత్తుతో కాల్చి కార్బోరండము అను కృత్రిమపు సానద్రవ్యమును కనుగొనెను. నేడు ఇనుపసామానుల దుకాణములలో దొరకు నల్లని లేక బూడిదరంగు సానరాళ్లు చాలవరకు దీనితో చేయబడినవే. ఒకప్రక్క గరుకుగను, ఒకప్రక్క నునుపుగను ఉన్న రాయి మొదట నేర్చుకొనువారికి చాలును. అది ఆరు నుండి ఎనిమిది అంగుళముల పొడవు, రెండంగుళముల వెడల్పు ఉన్న యెడల పని సుకరము.

రాతిపై నీరుగాని నూనెగాని వేయవలెను. నూరుటవలన పుట్టిన ఇనుపపొడిని అది తేల్చివేసి రాతి రంధ్రములు పూడకుండ చేయును. నీరే చవుక, నీరే శుభ్రము. ఒకసారి నూనె వాడిన రాతికి పిదప నీరు పట్టదు గనుక ఏదో ఒకదానినే వాడవలెను. వంటనూనెలు కాలక్రమమున జిగురుగా మారి రాతిని పూడ్చును, అవి తగవు.

వాలు కొలుచుకొనుట

నూరుటలో మర్మమంతయు కత్తిని రాతిపై ఎంత వాలుగా పట్టవలెనను దానియందున్నది. వాలు తక్కువైన అంచు పలుచనై మిక్కిలి వాడిగా నుండును గాని త్వరగా మడగును. వాలు ఎక్కువైన అంచు దృఢముగా నుండును గాని తెగుట తక్కువ.

ఇందులకు కొలముట్టు అక్కరలేదు. కత్తిని రాతిపై పరుండబెట్టి, వెన్నును కత్తి వెడల్పులో మూడవవంతు ఎత్తవలెను. ఒకటిన్నర అంగుళము వెడల్పు గల కత్తికి వెన్ను అర అంగుళము లేచిన యెడల వాలు సుమారు 20 డిగ్రీలు. ఇది సాధారణపు పనికత్తికి తగినది. కూరగాయలు తరుగు పలుచని కత్తికి నాలుగవ వంతు ఎత్తిన చాలును. అది సుమారు 15 డిగ్రీలు. కొమ్మలు నరకు కత్తికి వెడల్పును అయిదు భాగములు చేసి రెండు భాగముల ఎత్తు ఉంచవలెను. గొడ్డలి అంచు ఇంతకంటెను మందముగా నుండవలెను. లేనియెడల గట్టికట్టెపై పెచ్చు లేచును.

పట్టిన వాలు సరియైనదో కాదో తెలిసికొనుటకు అంచు వెంబడి సిరా గీత గీసి, రాతిపై రెండుసార్లు తీసి చూడవలెను. గీత అంచువద్ద మిగిలి వెన్నువైపున మాత్రము పోయిన యెడల వాలు తక్కువ; మరికొంచెము ఎత్తవలెను. కొసన మాత్రము పోయి వెనుక మిగిలిన యెడల వాలు ఎక్కువ, దించవలెను. గీత అంతటను సమముగా పోయిన యెడల అదియే కత్తియొక్క పూర్వపు వాలు. క్రొత్తగా నేర్చుకొనువారు దానినే అనుసరించుట మేలు.

నూరు క్రమము

1. రాతిని పది నిమిషములు నీటిలో నానబెట్టవలెను. తడిబట్ట పరచిన పలకపై దానిని కదలకుండ అమర్చవలెను. వెలుతురు బాగుగా ఉన్న చోట, పిల్లలు దరి చేరని సమయమున కూర్చుండవలెను.

2. గరుకుప్రక్కను మీదికి ఉంచి, కుడిచేత పిడిని పట్టుకొని, ఎడమచేతి రెండు వ్రేళ్లను కత్తి రేకుపై ఆనించవలెను. వ్రేళ్లు అంచును దాటి ముందుకు రాకూడదు.

3. రాతిమీది పలుచని పొరను కోయుచున్నట్లు అంచు ముందుగా తోయుచు, పిడివద్దినుండి మొనవరకు అంచంతయు రాతికి తగులునట్లు ఒక్కొక్క తీత తీయవలెను. మొనవద్దకు వచ్చునప్పుడు పిడిని కొంచెము ఎత్తవలెను. లేనియెడల వంపు తిరిగిన మొనకు రాయి తగులదు.

4. ఒకే ప్రక్కను, ఒకే వాలున నూరుచు పోవలెను. కొంతసేపటికి అవతలిప్రక్కన అంచు వెంబడి సన్నని ఇనుపపొర మడగి లేచును. ఇదియే పదునునకు గుర్తు. రెండుప్రక్కల వాలులు కొసన కలిసికొననిదే ఈ పొర పుట్టదు. దూదిపింజను వెన్నునుండి అంచువైపు మెల్లగా జార్చిన యెడల పొర ఉన్నచోట పోగులు చిక్కుకొనును. పిడినుండి మొనవరకు అంతటను చిక్కుకొనువరకు ఆ ప్రక్కను విడువరాదు.

5. పిదప కత్తిని త్రిప్పి రెండవప్రక్కను అట్లే నూరవలెను. ఇప్పుడు పొర మొదటిప్రక్కకు మడగును.

6. రాతిని త్రిప్పి నునుపుప్రక్కపై ఇదే పని చేయవలెను. ఒత్తిడి సగమునకు తగ్గింపవలెను. ఒక్కొక్క ప్రక్కకు పది, తరువాత అయిదు, తరువాత మూడు, తుదకు ప్రక్క మార్చి ప్రక్క ఒక్కొక్కటిగా తీసిన యెడల పొర క్రమముగా సన్నగిల్లును.

మొదట నేర్చుకొనువారు చేయు పొరపాటులు నాలుగు. ప్రతి తీతకును వాలు మార్చుట మొదటిది. దీనివలన అంచు గుండ్రపడును. పొర లేవకమునుపే ప్రక్క మార్చుట రెండవది. ఎంత నూరినను పదును రాలేదని విసుగు పుట్టుట దీనివలననే. బలముగా నొక్కుట మూడవది. రాయి కోయవలెను గాని చేయి కాదు. పొరను తీయక విడుచుట నాలుగవది. అట్టి కత్తి మొదటి కోతకు చక్కగా తెగి, పదవ కోతకు మొద్దుబారును. ఆ పొర మడగి అంచును మూసివేయుటయే దీనికి కారణము.

కొడవలి సంగతి

కొడవలి వంపుగా ఉండుటచే దానిని రాతిపై నడుపుట కష్టము. కొడవలిని మోకాలిక్రింద కాక, ఒక దుంగపై ఆనించి, చిన్న రాతిని చేతబట్టి వంపు వెంబడి నడుపవలెను. రాయి అంచునుండి వెన్నువైపు పోవలెను. అప్పుడు చేయి జారినను వాదరపై పడదు. కొడవలికి తరచుగా ఒకప్రక్కనే వాలు ఉండును. ఆ ప్రక్కనే నూరి, చదునైన రెండవప్రక్కను పొర పోవుటకు మాత్రము రెండు మూడు సార్లు రాతితో తుడువవలెను.

కక్కు కొడవలికి ఈ విధము పనికిరాదు. కక్కు కొట్టిన ప్రక్కకు రాయి తగిలిన యెడల పండ్లు అరిగిపోవును. నునుపైన ప్రక్కను మాత్రమే తేలికగా నూరవలెను. పండ్లు పూర్తిగా అరిగిన పిదప కమ్మరిచే తిరిగి కక్కు కొట్టించుటయే మార్గము. ప్రతి కోతకూలికిని నడుమున చెక్కుకొనదగిన చిన్న రాయి ఒకటి ఉండుట మంచిది. విశ్రాంతి వేళ నాలుగు తీతలు తీసిన యెడల కొడవలి దినమంతయు ఒక్కరీతిగా తెగును.

తోలుపై తీయుట

మంగలి కత్తిని తోలుపట్టాపై తీయుట అందరును చూచినదే. ఆ పనివలననే సన్నని అంచు తిన్నబడి, మిగిలిన పొర రాలిపోయి, నునుపు వచ్చును. ఇంటికత్తులకును ఇది మేలు చేయును.

రెండంగుళముల వెడల్పు, ఒక అడుగు పొడవు గల తోలుముక్కను చదునైన పలకకు జిగురుతో అంటింపవలెను. పాత నడుముపట్టా తోలు చాలును. దుకాణములలో దొరకు ఆకుపచ్చని మెరుగుముద్దను, అనగా క్రోమియము ఆక్సైడును, పలుచగా రుద్దిన యెడల పని శీఘ్రమగును. అది లేకున్నను ఉత్త తోలు పని చేయును. తోలు దొరకనివారు పలకపై మందపు గుడ్డను బిగించి వాడుకొనవచ్చును.

ఇచ్చట కదలిక రాతిపై చేసినదానికి వ్యతిరేకము. వెన్ను ముందు పోవలెను, అంచు వెనుక రావలెను. అంచు ముందు పోయిన యెడల తోలు తెగును. తీత ముగిసినచోట కత్తిని వెన్నుమీదుగా త్రిప్పవలెను గాని అంచుమీదుగా త్రిప్పరాదు. ఒక్కొక్క ప్రక్కకు పది తీతలు చాలును. నొక్కిన యెడల తోలు అణగి అంచుచుట్టు ముడుచుకొని కొసను గుండ్రము చేయును గనుక కత్తి బరువుకంటె కొంచెము ఎక్కువ ఒత్తిడి మాత్రమే ఉండవలెను. మొద్దుబారిన కత్తికి తోలు పదును తేలేదు. రాయి తెచ్చిన పదునును తోలు నిలుపును. వంటింటి కత్తిని వారమున కొకసారి తోలుపై తీయుచున్న యెడల రాతిమీదికి తరచుగా పోవలసిన పని ఉండదు.

పదును చూచుట

బొటనవ్రేలిని అంచు వెంబడి జరిపి చూచుట ప్రమాదము. కత్తిని వెలుతురునకు ఎదురుగా పట్టి అంచును చూడవలెను. మొద్దు అంచు తెల్లని గీతవలె మెరయును. పదునైన అంచు వెలుగును చూపదు. గీత ఒకచోట మాత్రము కనబడిన యెడల అచ్చట మరల నూరవలెను. గాలిలో పట్టిన కాగితమును చిరుగకుండ కోయుట రెండవ పరీక్ష. కొడవలికైతే నిలిచియున్న ఒక పచ్చి గడ్డిపోచయే పరీక్ష: పట్టుకొనకయే తెగవలెను.

తిరుగుడు సాననుగూర్చి హెచ్చరిక

సైకిలు చక్రముతోనో విద్యుత్ యంత్రముతోనో తిరుగు సానపై కత్తికి నిమిషములో అంచు వచ్చును. కాని పొడిసానపై పుట్టు వేడి మిక్కిలి అధికము. పలుచని అంచు సుమారు 220 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి గడ్డిరంగు, 300 డిగ్రీల ప్రాంతమున నీలిరంగు చూపును. సాధారణపు కత్తి ఉక్కు అంచు నీలి పడినదనగా కమ్మరి ఇచ్చిన గట్టిదనము అచ్చట పోయినదని అర్థము. ఆ భాగము ఎంత నూరినను పదును నిలువదు. దానిని అరగదీసి తీసివేయుటయో, మరల కొలిమికి పంపుటయో చేయవలెను. పెద్ద గాట్లు పడిన కత్తికి తిరుగుడు సాన తప్పనిచో ప్రతి రెండు మూడు క్షణములకును నీట ముంచుచుండవలెను. పిడి మార్చుటకై కత్తిని పొయ్యిలో కాల్చు అలవాటును ఇట్లే చెరుపు చేయును.

భద్రము చేయుట

పని ముగియగనే పసరు, మన్ను కడిగి, పొడిబట్టతో తుడిచి, అంచుకు ఒక చుక్క ఆముదము పూయవలెను. వంటింటి కత్తికి ఇంట వాడు నూనె చాలును. త్రుప్పు అంచును తినును. వాడకుండ తడిగా పడియున్న కొడవలి వాడినదానికంటె ముందుగా మొద్దుబారుట ఇందువలననే. పనిముట్లను పిల్లలకు అందని ఎత్తున, అంచు గోడవైపు ఉండునట్లు వ్రేలాడదీయవలెను. చేనిలో కొడవలిని గడ్డిక్రింద విడువరాదు. రాతి నడుమ పల్లము పడిన యెడల చదునైన బండపై ఇసుక, నీరు వేసి దానిని రుద్ది సమము చేయవలెను.

ఎంత జాగ్రత్తపడినను చేయి తెగిన యెడల గాయముపై మన్ను, పేడ, బూడిద పూయరాదు. ధనుర్వాతపు సూక్ష్మజీవులు మన్నునను పేడయందును ఉండును. గాయమును సబ్బునీటితో కడిగి, శుభ్రమైన గుడ్డతో నొక్కి కట్టి, ఆసుపత్రికి పోయి ధనుర్వాతపు సూది వేయించుకొనవలెను.

నూరుట నేర్చుకొనుటకు కోతకాలము తగదు. పూర్వము ఈ రాష్ట్రపు రెవెన్యూ లెక్కలలో ఆబీ అని వ్రాయబడుచుండిన వానకాలపు వరి, కోతకు రాకమునుపే, ఇంటనున్న పాత కత్తి నొకదానిని తీసికొని దినమునకు పావుగంట చొప్పున అభ్యసింపవలెను. పాత కత్తి చెడినను నష్టము లేదు. దానిపై మూడుమార్లు పొర లేపి తీయగలిగినవాడు కొడవలిని చేతబట్టవచ్చును. ఇంటిలోని స్త్రీలకును ఈ పని నేర్పవలెను. కత్తిపీటతోను కొడవలితోను ఎక్కువ పని చేయువారు వారే.